భర్తకు హెపటైటిస్ బి ఉందా? సంతానం కోసం తిరుపతిలో మేం వెళ్లిన సెంటర్ ఎలా ఉందంటే

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఆ తగ్గిన ఒక్క స్టారు ఎందుకో కింద రాస్తాను కానీ ముందు ఆ నాలుగూ ఎందుకో చెప్పాలి. తిరుపతిలో సంతాన సాఫల్య కేంద్రాలకు కొదవ లేదు, రేణిగుంట రోడ్డు నుంచి బైపాస్ దాకా ఎటు చూసినా పసిపాప బొమ్మ ఉన్న బోర్డులే, చిత్తూరు వాళ్లయితే నేరుగా వేలూరు బస్సెక్కేస్తారు. ఏది మంచిదని ఎవరినైనా అడిగితే ఐవీఎఫ్ సక్సెస్ ఎంత శాతం అనే చెబుతారు. మాకు కావలసింది అది కాదు. మా ఆయనకు లివర్‌కి పట్టే హెపటైటిస్ బి వైరస్ ఉంది, చాలా ఏళ్లుగా ఉంది. అలాంటి వైరస్ ఒంట్లో ఉండిపోయిన మగవాడికి పిల్లలు పుట్టడంలో ఇబ్బంది ఉంటుందా, ఉంటే ఎంత, దానికి ఏం చేయాలి, భార్యకు అంటకుండా ఎలా, బిడ్డకు రాకుండా ఎలా, ఇవన్నీ ఒకే చోట ఒకే ఫైల్లో చూసేవాళ్లు కావాలి మాకు. బైపాస్ రోడ్డు వైపున్న ఈ సెంటర్లో అది దొరికింది. మా ఆయనను అడిగి, ఆయన రాయమన్నాకే రాస్తున్నాను, ఎందుకంటే ఈ సంగతి దాచుకుని లోలోపల నలిగిపోయే ఇళ్లు మా చుట్టుపక్కలే చాలా ఉన్నాయి.

మా ఆయనది పీలేరు పక్కన పల్లె. పెళ్లికి ముందు కువైట్‌కి డ్రైవర్‌గా పోదామని అన్నీ సిద్ధం చేసుకుంటే మెడికల్‌లో హెచ్‌బీఎస్ఏజీ, అంటే హెపటైటిస్ బి ఉందో లేదో చెప్పే రక్త పరీక్ష, పాజిటివ్ అని వచ్చింది, అన్‌ఫిట్ అని ముద్ర వేసి పంపేశారు. మా వైపు చాలామంది మగవాళ్లకు ఈ వైరస్ సంగతి గల్ఫ్ మెడికల్‌లోనో రక్తదానం దగ్గరో తప్ప తెలియదు, ఎందుకంటే ఏళ్ల తరబడి జ్వరం ఉండదు, కామెర్లు ఉండవు, మనిషి మామూలుగా తిరుగుతూనే ఉంటాడు. రక్తంలో 6 నెలలు దాటినా ఉంటే దాన్ని దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్ అంటారట. పెద్దయ్యాక సోకితే నూటికి 95 మందికి దానంతట అదే పోతుంది, పుట్టేటప్పుడు తల్లి నుంచి సోకితే మాత్రం పదిలో తొమ్మిది మంది పిల్లలకు ఉండిపోతుంది. మా ఆయనకు అలాగే వచ్చి ఉంటుందని డాక్టర్ అన్నారు. ఈ మాట ముందే ఎవరైనా మా ఊళ్లో చెప్పి ఉంటే ఆయన మీద అంత అనుమానం పడేవాళ్లు కాదు. ఎందుకంటే పాజిటివ్ అనగానే జనం అడిగే మొదటి ప్రశ్న ఎక్కడెక్కడ తిరిగాడు అనే. పెళ్లిచూపుల్లోనే నాకు విషయం చెప్పిన మనిషి ఆయన. ఇప్పుడు కొండ మీదికి టాక్సీ తోలుతున్నాడు.

ఈ సెంటర్‌కి రాకముందు ఇంకో చోట చూపించుకున్నాం, పేరు చెప్పను. అక్కడ పిల్లలు లేరు అనగానే పరీక్షలన్నీ నాకే. థైరాయిడ్, హార్మోన్లు, నెలనెలా స్కానింగులు, ఆఖరికి ట్యూబుల్లో మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే కూడా. ఆ ట్యూబ్ టెస్ట్ నొప్పి పడినవాళ్లకే తెలుస్తుంది, టేబుల్ మీద నుంచి దిగి కాసేపు నడవలేకపోయాను. అన్నీ నార్మల్. ఇంత జరిగినా ఆయనకు వీర్య పరీక్ష మాత్రం రాయలేదు. నొప్పి లేని, సూది లేని, కొన్ని వందల రూపాయల్లో అయిపోయే పరీక్ష అది, అది చేయకుండా ఆడదాన్ని టేబుల్ ఎక్కించడం ఏం పద్ధతో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చివరికి ఐవీఎఫ్ అన్నారు, దానికోసం ఇద్దరికీ రక్త పరీక్షలు రాశారు, ఆయన రిపోర్ట్ రాగానే ఫైల్ మీద ఎర్ర ఇంకుతో పెద్ద అక్షరాల్లో రాసి, కౌంటర్ దగ్గర ఒకమ్మాయి హాలంతా వినపడేలా "పాజిటివ్ కేసు, ఇక్కడ చేయరు" అనేసింది. ఆ రోజు ఆయన ముఖం చూడలేకపోయాను. ఇంటికొచ్చాక మా అత్తమ్మ "ఏమ్మే, యా గుళ్లో మొక్కు బాకీ పడిందో సూడు" అంది. కాళహస్తిలో రాహుకేతు పూజ కూడా చేయించాం. భక్తితోనే చేయించాం, దానికి నేనేం బాధపడటం లేదు, కానీ జబ్బు సంగతి జబ్బుదే కదా.

ఈ సెంటర్లో మొదటి రోజే తేడా తెలిసింది. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టారు, ముందు ఆయననే అడిగారు. పిల్లలు కలగని జంటల్లో సుమారు సగం మందిలో మగవాళ్ల వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుందట, అందుకే ఇద్దరి పరీక్షా ఒకేసారి మొదలవ్వాలని డాక్టర్ గారు చెప్పారు. ఫారం నాలుగు పేజీలు. చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చాయా, వస్తే ఏ వయసులో, అప్పుడు వృషణాలు వాచాయా, హెర్నియా ఆపరేషన్ అయిందా, ఈ మధ్య డెంగ్యూ లాంటి పెద్ద జ్వరం వచ్చిందా, గుట్కా, మందు, రోజుకి ఎన్ని గంటలు కూర్చుని పని, వంటశాల పనా, బట్టీ దగ్గర పనా, ఇంట్లో ఎవరికైనా కామెర్లు గానీ లివర్ జబ్బు గానీ ఉందా, అన్నీ ఉన్నాయి అందులో. జ్వరం సంగతి ఎందుకంటే, గట్టి జ్వరం వచ్చిపోయాక రెండు మూడు నెలలు కౌంట్ పడిపోయి ఉండొచ్చు, వీర్యకణం తయారవ్వడానికే సుమారు 74 రోజులు పడుతుంది కాబట్టి. అంటే ఈ రోజు చేసిన పరీక్ష రెండున్నర మూడు నెలల కింద ఒంట్లో ఏం జరిగిందో చూపిస్తుంది. ఇది విన్నాక నాకు చాలా విషయాలు తేటపడ్డాయి, ఒక్క రిపోర్ట్ చూసి భయపడకూడదని, కనీసం రెండుసార్లు చేయించాలని ఎందుకంటారో కూడా.

పరీక్ష చేసే పద్ధతి బాగుంది. 2 నుంచి 7 రోజుల గ్యాప్ ఉండాలని ముందే చీటీ మీద తెలుగులో రాసిచ్చారు. శాంపిల్ ఇచ్చే గది లోపల నుంచి గడియ పెట్టుకునేలా ఉంది, శుభ్రంగా ఉంది, హాలు మధ్యలోంచి కాకుండా వెనక వరండాలోంచి దారి. డబ్బా మీద పేరు, టైము ఆయన కళ్ల ముందే రాసి చూపించి సంతకం పెట్టించుకున్నారు. దగ్గర్లో ఉండేవాళ్లు ఇంటి నుంచి తెచ్చినా తీసుకుంటారు కానీ గంట లోపల రావాలి, చొక్కా లోపల ఒంటికి ఆనించి వెచ్చగా తేవాలి. ఇవి చిన్న విషయాల్లా అనిపిస్తాయి, కానీ మగవాళ్లు ఈ పరీక్షకి రామని మొండికేసేది డబ్బు గురించి కాదు, ఆ గదికి అందరి ముందు నడిచి వెళ్లడం గురించి.

రిపోర్ట్ వచ్చాక డాక్టర్ లైను లైనూ వివరించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కొలతల ప్రకారం మిల్లీలీటరుకి కోటీ 60 లక్షల కణాలు, అందులో కనీసం 42 శాతం కదులుతూ ఉండాలి, 30 శాతం ముందుకు ఈదుతూ ఉండాలి, ఆకారం సరిగ్గా ఉన్నవి 4 శాతం ఉంటే చాలు. ఆ 4 శాతం అన్నది చూసి మిగతా 96 శాతం చెడిపోయాయని చాలామంది ఏడుస్తారట, కానీ ఆకారం తేడాగా ఉన్నవే ఎక్కువ ఉండటం అందరిలో మామూలే. మా ఆయనకు కౌంట్ పర్వాలేదు, 2 కోట్ల పైన ఉంది. కదలిక మాత్రం 31 శాతం, ముందుకు ఈదేవి 18. అసలు సమస్య కదలికలో ఉంది.

ఇక్కడ నేను అడిగిన ప్రశ్నకి డాక్టర్ గారు ఇచ్చిన సమాధానమే ఈ సెంటర్ మీద నాకు నమ్మకం కలిగించింది. ఇది హెపటైటిస్ వల్లేనా సార్ అని అడిగాను. అవును అని చెప్పి మందులు రాసేయొచ్చు, కాదని కొట్టిపారేయొచ్చు. ఆయన అలా చేయలేదు. హెపటైటిస్ బి ఉన్న మగవాళ్లలో చాలామందికి మామూలుగానే పిల్లలు పుడతారు తల్లీ, కానీ ఈ వైరస్ ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ పోల్చి చూసిన పరిశోధనల్లో ఉన్నవాళ్లకి సగటున కదలిక తక్కువ, కొందరికి కౌంట్ కూడా తక్కువ కనిపించింది అన్నారు. ఎలా అని మా ఆయన అడిగితే, టాక్సీ తోలేవాడివి కదా, ఘాట్ రోడ్డులో ఇంజిన్ వేడెక్కితే బండి ఎలా లాగుతుందో నీకే బాగా తెలుసు, వీర్యకణం తోకకి బలం ఇచ్చేది మెడ దగ్గరుండే మైటోకాండ్రియా, ఆ ఇంజిన్‌ని వైరస్ ప్రోటీన్ దెబ్బ తీస్తుంది, కణం చావదు గానీ ఈదలేదు అని చెప్పారు. మా ఆయనకు అది అలా మనసులో నిలిచిపోయింది.

అంతే కాదట. వైరస్ రక్తంలోనే ఆగిపోదు, వీర్యంలోకి కూడా వస్తుంది, వీర్యకణం తల లోపలి క్రోమోజోముల్లో కూడా దాని డీఎన్ఏ ముక్కలు కనిపించిన సందర్భాలున్నాయి. ఒంట్లో ఎప్పుడూ ఒక పోరాటం నడుస్తూ ఉంటే దాని నుంచి పుట్టే ఆక్సిడేటివ్ స్ట్రెస్ కణం పొరనీ, లోపలి డీఎన్ఏనీ దెబ్బతీస్తుంది. దానికి తోడు లివర్. లివర్ బాగా దెబ్బతిని, గట్టిపడిపోయే సిర్రోసిస్ దాకా వెళితే మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ పనికొచ్చే రూపంలో తగ్గిపోతుంది, ఈస్ట్రోజెన్ పెరుగుతుంది, కొందరికి రొమ్ము పెరుగుతుంది, వృషణాలు చిక్కిపోతాయి, కోరిక కూడా తగ్గుతుంది. కాబట్టి లివర్‌ని కాపాడుకోవడం అంటే ఆ వైపు కూడా కాపాడుకోవడమే. ఇంత వివరంగా ఎవరైనా ఓపిక చేసుకుని చెప్పింది ఇదే మొదటిసారి, అదీ మాకు అర్థమయ్యే తెలుగులో.

తర్వాత డాక్టర్ గారు చేసిన పని ఏంటంటే, పిల్లల సంగతి కాసేపు పక్కన పెట్టి లివర్ డాక్టర్‌కి లెటర్ రాశారు. తిరుపతిలోనే ఉన్న స్విమ్స్ ఆసుపత్రిలో గ్యాస్ట్రో ఓపీకి వెళ్లాం. హెచ్‌బీవీ డీఎన్ఏ అని రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే పరీక్ష, లివర్ ఎంజైములు, వైరస్ ఎంత చురుగ్గా ఉందో చెప్పే హెచ్‌బీఈఏజీ, లివర్ గట్టిపడిందేమో చూసే ఫైబ్రోస్కాన్ చేయించారు. వైరల్ లోడ్ 48,000 వచ్చింది, ఎంజైములు ఉండాల్సిన దానికి రెండింతలు దాటాయి, స్కాన్‌లో గట్టిదనం మొదలైనట్టు కనిపించింది. టెనోఫోవిర్ మొదలుపెట్టారు, రోజుకి ఒక్క మాత్ర. పాజిటివ్ ఉన్న ప్రతి ఒక్కరికీ మందు అక్కర్లేదట, లోడు, ఎంజైములు, లివర్ పరిస్థితి చూసి నిర్ణయిస్తారు, కానీ మందు లేకపోయినా ఆరు నెలలకోసారి పరీక్ష తప్పదు. మొదలుపెట్టాక మనంతట మనం ఆపకూడదు, ఆపితే వైరస్ ఒక్కసారిగా విజృంభించి లివర్ ప్రమాదంలో పడొచ్చు. బిడ్డ కోసం ప్రయత్నించే మగవాళ్లు ఈ మందు ఆపాల్సిన పని లేదని రెండు చోట్లా చెప్పారు, ఇది గట్టిగా రాస్తున్నాను ఎందుకంటే పిల్లల కోసమని మాత్రలు మానేసిన వాళ్లని మా పల్లెలోనే చూశాను. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద హెపటైటిస్ బి, సి పరీక్షలూ మందులూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, దగ్గర్లోని పెద్దాసుపత్రిలో అడగండి. పసరు మందు విషయం కూడా అడిగాను, పీలేరు వైపు కామెర్లకి పసరు పోయించుకోని ఇల్లు ఉండదు. అందులో ఏ ఆకు ఉందో తెలియనిది దెబ్బతిన్న లివర్ మీద పోయొద్దని చెప్పారు, మా అత్తమ్మకి ఆ మాట డాక్టర్ చేతే ఫోన్‌లో చెప్పించాను.

ఇక నా సంగతి. నాకు అందరూ హెచ్‌బీఎస్ఏజీ చేశారు, నెగెటివ్ అన్నారు, అంతటితో వదిలేశారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఏ ల్యాబూ ఏ ఆసుపత్రీ నన్ను టీకా వేయించుకోమని చెప్పలేదు. నెగెటివ్ అంటే రక్షణ ఉన్నట్టు కాదు, ఇప్పటివరకు సోకలేదని మాత్రమే. ఈ సెంటర్లో నాకు ఒంట్లో రక్షణ ఉందో లేదో చెప్పే యాంటీ హెచ్‌బీఎస్, ఇదివరకు ఎప్పుడైనా సోకిందేమో చెప్పే యాంటీ కోర్ పరీక్షలు చేసి రక్షణ లేదని చూసి ఆ రోజే మొదటి డోసు వేశారు. 0, 1, 6 నెలలకి మూడు డోసులు, చివరి డోసు అయిన నెల రెండు నెలల తర్వాత టైటర్, అంటే రక్తంలో ఆ రక్షణ ఎంత ఉందో, చూడాలి, 10 దాటితే రక్షణ వచ్చినట్టు. అప్పటిదాకా కండోమ్ వాడమన్నారు. పిల్లలు కావాలని వచ్చినవాళ్లని కండోమ్ వాడమంటారేంటని నాకు ఆ రోజు చాలా బాధేసింది, వయసు గడిచిపోతోందన్న టెన్షన్ ఎంత ఉంటుందో పిల్లలు లేని ఆడవాళ్లకే తెలుసు. కానీ సిస్టర్ గారు పక్కకి తీసుకెళ్లి కూర్చోబెట్టి చెప్పారు, బిడ్డకి ఈ వైరస్ వచ్చే అసలు దారి తల్లి, తండ్రి నుంచి నేరుగా రావడం చాలా అరుదు, నువ్వు రక్షణలో ఉంటే బిడ్డ దాదాపు రక్షణలో ఉన్నట్టే, పుట్టిన 24 గంటల్లో బిడ్డకి మొదటి డోసు, తర్వాత 6, 10, 14 వారాలకి ఐదు జబ్బులకి కలిపి వేసే పెంటావలెంట్ టీకాలో మిగతావి ఎలాగూ పడతాయి అని. ఎలాగూ ఆయన వైరల్ లోడ్ తగ్గడానికీ, కొత్త కణాలు తయారవ్వడానికీ నెలలు పట్టేదే, ఆ కాలం వృథా కాలేదు. ఈ ఒక్క టీకా విషయానికే రెండు స్టార్లు ఇస్తాను నేను. ఇది చదివే ఆడవాళ్లలో భర్తకి హెపటైటిస్ బి ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, పిల్లల ఆలోచన లేకపోయినా సరే, ఈ వారమే వెళ్లి ఆ పరీక్ష చేయించి టీకా మొదలుపెట్టండి.

వెయిటింగ్ హాల్లో కూర్చుంటే మాటలు కలుస్తాయి కదా. పుత్తూరు వైపు నుంచి వచ్చిన ఒకావిడ భర్తకి హెపటైటిస్ సి. దానికి టీకా లేదు గానీ పూర్తిగా తగ్గించే మాత్రలున్నాయి, ఎక్కువమందికి 12 వారాల కోర్సు, నూటికి 95 మందికి పైగా వైరస్ పోతుంది. వాళ్లకి డాక్టర్ చెప్పింది ముందు కోర్సు పూర్తి చేసుకుని తర్వాత బిడ్డ సంగతి చూద్దామని. ఒక జాగ్రత్త మాత్రం ఉంది, కోర్సులో రైబావిరిన్ అనే మందు కలిపితే అది పిండానికి హాని చేస్తుంది, భర్త వాడినా సరే, ఆపిన తర్వాత కూడా కనీసం 6 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. ఏ మాత్రలు రాశారో పేరు అడిగి తెలుసుకోండి.

హెచ్ఐవీ ఉన్న జంటలని కూడా ఇక్కడ చూస్తారు, మొహం చిట్లించకుండా చూస్తారు. మందులు సరిగ్గా వాడక సీడీ4, అంటే ఒంట్లో రోగనిరోధక కణాల లెక్క, పడిపోయిన మగవాళ్లలో వీర్యం పరిమాణం, కదలిక తగ్గుతాయట, రోజూ మందు వేసుకుంటూ లోడు పరీక్షకి అందనంతగా తగ్గి అలాగే నిలబడితే భార్యకి కలయిక ద్వారా సోకదు. వీర్యం నుంచి కణాలని కడిగి వేరు చేసి వాడే పద్ధతి కూడా ఉంది, ఇటలీలోని మిలాన్‌లో సెంప్రిని అనే డాక్టర్ 1992లోనే దీని గురించి రాశారట. హెచ్ఐవీ ఉందని వైద్యం నిరాకరించడం 2017 చట్టం ప్రకారం నేరుగా నిషేధం, ఆ సంగతి గోడ మీద తెలుగులో రాసి పెట్టారు, అది నాకు చాలా నచ్చింది. హెచ్‌పీవీ అని ఇంకో వైరస్, అది వీర్యకణం తలకి అతుక్కుని కదలిక తగ్గిస్తుందని అంటారు, దానికి మగవాళ్లకి మామూలుగా చేసే పరీక్ష ఏమీ లేదు, అందుకే ఊరికే డబ్బు పెట్టొద్దన్నారు. గవదబిళ్లలు ఒంట్లో ఉండిపోయే వైరస్ కాదు గానీ వయసుకొచ్చాక వస్తే వృషణం వాచి చిక్కిపోవచ్చు, ఆ నష్టం మాత్రం ఉండిపోతుంది. మా తమ్ముడికి కాలేజీలో ఉన్నప్పుడు వచ్చింది, వాడినీ పెళ్లికి ముందు ఒకసారి చూపించమని చెప్పాను.

ల్యాబ్ గురించి ఒక మాట. వైరస్ పాజిటివ్ ఉన్నవాళ్ల శాంపిల్స్ వేరుగా, రోజులో చివర్న చేస్తారు, నిల్వ చేసే ట్యాంకు కూడా వేరే. ఇది వివక్ష కాదు, పక్కవాళ్ల శాంపిల్‌కి అంటకుండా తీసుకునే జాగ్రత్త. మేం అడిగితే లోపలికి రానివ్వలేదు గానీ అద్దంలోంచి చూపించి వివరించారు. సంతాన సాఫల్య కేంద్రాలకి వర్తించే ఏఆర్‌టీ చట్టం 2021 కింద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ రిసెప్షన్ పక్కనే ఫ్రేమ్ కట్టి ఉంది. మీరు వెళ్లే చోట అది ఉందో లేదో చూసుకోండి, లేకపోతే అడగండి.

ఖర్చు. కన్సల్టేషన్ 500, వీర్య పరీక్ష 800, ఇవి న్యాయంగానే ఉన్నాయి. వీర్యకణాల్లో డీఎన్ఏ ఎంత తెగిపోయిందో చూసే డీఎన్ఏ ఫ్రాగ్మెంటేషన్ పరీక్షకి 5,500 తీసుకున్నారు, మాకు అది అవసరమా అని అడిగితే మొదట్లోనే అక్కర్లేదు, గర్భం వచ్చి నిలవకపోతేనో ఐవీఎఫ్ ఫెయిలైతేనో ఆలోచించొచ్చు అని డాక్టర్ గారే చెప్పారు, కానీ అప్పటికే కౌంటర్లో ప్యాకేజీలో కలిపేసి బిల్లు వేశారు. ఇది నాకు నచ్చలేదు. అలాగే కింద ఫార్మసీలో కోఎంజైమ్ క్యూటెన్, కార్నిటిన్ అని నెలకి 1,500 పైన అయ్యే మాత్రల కట్ట చేతిలో పెట్టారు. పైకి వెళ్లి డాక్టర్ని అడిగితే వాటి వల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందని గట్టి ఆధారం లేదు, మీ ఇష్టం అన్నారు. డాక్టర్ ఒకలా, ఫార్మసీ ఒకలా మాట్లాడితే మాలాంటి వాళ్లం ఎవరిని నమ్మాలి? టాక్సీ అద్దె రోజు గడిస్తే గానీ రాని ఇల్లు మాది. ఒక స్టారు తగ్గింది ఇందుకే.

ఇంకా కొన్ని ఉన్నాయి. టోకెన్ ఇచ్చిన టైముకీ లోపలికి పిలిచే టైముకీ సంబంధం ఉండదు, శనివారాలైతే తిరుత్తణి, అరక్కోణం వైపు నుంచి కూడా వస్తారు, సాయంత్రం టోకెన్ రాత్రి అవుతుంది. రిపోర్టులన్నీ ఇంగ్లీషులోనే, కనీసం ఒక పేజీ తెలుగులో ఇవ్వొచ్చు. హాలు గోడల నిండా నవ్వుతున్న పసిపిల్లల ఫోటోలు పెట్టారు, మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటారు, కానీ గర్భం నిలవక అదే రోజు వచ్చిన ఒకమ్మాయి తల ఎత్తకుండా నేల చూస్తూ కూర్చోవడం నేను చూశాను. ఆ ఫోటోలు తీసేసి ఏదైనా ప్రకృతి బొమ్మ పెట్టమని సూచనల పెట్టెలో రాసి వేశాను, యాజమాన్యం ఇది చదివితే దయచేసి ఆలోచించండి.

ఇప్పుడు మా పరిస్థితి. ఆయన వైరల్ లోడ్ పరీక్షకి అందనంతగా తగ్గింది, ఎంజైములు నార్మల్‌కి వచ్చాయి. గుట్కా పూర్తిగా మానేశాడు, మధ్యాహ్నం ట్రిప్పుల మధ్య అలిపిరి దగ్గర బండి ఆపి కాసేపు నడుస్తున్నాడు. ఈ మధ్య చేసిన వీర్య పరీక్షలో కదలిక 43 శాతం, ముందుకు ఈదేవి 29. ఇది మాత్రల వల్లా, గుట్కా మానడం వల్లా, రెండు పరీక్షల మధ్య మామూలుగా ఉండే తేడా వల్లా అని విడదీసి చెప్పలేమని డాక్టర్ అన్నారు, అలా నిజం చెప్పడమే నాకు ఇష్టం. నా టైటర్ 340 వచ్చింది. నా వయసు 29, ట్యూబులు బాగున్నాయి కాబట్టి కొన్ని నెలలు మామూలుగానే ప్రయత్నించమన్నారు, కాకపోతే ఐయూఐ, అంటే వీర్యకణాలని శుద్ధి చేసి నేరుగా గర్భసంచిలోకి పంపే పద్ధతి, చూద్దామన్నారు, ఐవీఎఫ్ మాట ఇప్పటిదాకా ఎత్తలేదు. రెండేళ్ల కింద మమ్మల్ని హాలు మధ్యలో నిలబెట్టి వెనక్కి పంపిన చోట మాకు చెప్పింది ఐవీఎఫ్ ఒక్కటే దారి అని, అదీ తాము చేయబోమని.

వెళ్లాలనుకునేవాళ్లకి: మగవాళ్ల డాక్టర్ రోజూ ఉండరు, వారంలో కొన్ని సాయంత్రాలే, ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. పాత రక్త పరీక్షలు ఎంత పాతవైనా సరే తీసుకెళ్లండి, పాజిటివ్ మొదట ఎప్పుడొచ్చిందో ఆ కాగితం చాలా ముఖ్యం, మా ఆయన కువైట్ మెడికల్ కాగితం పనికొచ్చింది. ప్యాకేజీ అంటే ఒప్పుకోకండి, ఏ పరీక్షకి ఎంతో విడివిడిగా రాయించుకోండి. కారులో వెళితే పార్కింగ్ లేదు, పక్క సందులో పెట్టుకోవాలి, బ్రహ్మోత్సవాల రోజుల్లో అయితే ఆ రోడ్డు మీద బండి కదలదు, అపాయింట్‌మెంట్ వేరే వారానికి మార్చుకోండి.